కంకిపాడు గుర్రాల షెడ్డుకు నేను వేసిన లెక్క

మా తాడిపత్రి వాళ్ళు కృష్ణా జిల్లాకు దర్శనానికి వెళ్తారు, లేదా పెళ్ళికి వెళ్తారు. నేను ఒక రేకుల షెడ్డు చూడడానికి వెళ్ళాను. నాలుగు రోజులు ఉన్నాను. అందులో ఒకటిన్నర రోజు నాకు అన్నం దిగలేదు.

మా తమ్ముడు ఓబులేసుకు తాడిపత్రిలో ఇనుప పని కార్ఖానా ఉంది. ఇరవై ఆరేళ్ళుగా అందులో లెక్కలు చూసేది నేను. పదో తరగతితో చదువు ఆగిపోయినా, పాత పుస్తకాల షాపులో దొరికిన ఇంజనీరింగు పుస్తకాలు ముందు పెట్టుకుని ఏ దూలం ఎంత మోస్తుందో, గాలి ఎంత తోస్తుందో నాకు నేనే నేర్చుకున్నాను. నా లెక్క మీద సంతకం పెట్టే ఇంజనీరు గారు ఒకాయన ఉన్నారు. ఆయన దిద్దాల్సిన అవసరం పెద్దగా రాలేదని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మేము దూరప్రాంతంలో కట్టిన మొదటి షెడ్డు ఇదే. కంకిపాడు దాటాక ఒక పల్లెలో ఎస్తేరు గారని రిటైరైన పశువుల డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడ చుట్టాలు గ్రానైటు కోసం మా ఊరు వచ్చినప్పుడు మా పని చూశారు. ఆవిడ పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే బడి పెడుతున్నారు. ఎండలోనూ వానలోనూ నడవాలి కాబట్టి పైకప్పు కావాలి, గుర్రం తిరిగే చోట మధ్యలో స్తంభం ఒక్కటి కూడా ఉండకూడదు. నూట నలభై అడుగుల పొడవు, డెబ్భై అడుగుల వెడల్పు. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం పదహారు స్తంభాలు. ఆదివారం ప్రారంభం. బుధవారం పొద్దున నేను విజయవాడలో రైలు దిగాను.

విజయవాడ

నవంబరు ఆఖర్లో మా ఊళ్ళో తెల్లవారుజామున చెవులకు గుడ్డ కట్టుకుంటాం. ఇక్కడ స్టేషను బయటికి వచ్చేసరికే జాకెట్టు తడిసింది. గాలి ఆడడం లేదు. ఆకాశం మాత్రం ఉతికి ఆరేయని దుప్పటిలా ఉంది.

ఒక చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. యాభై రూపాయలు. అట్టులోపల ఉప్మా పెట్టి తినడం మాకు అలవాటు లేదు. మా ఉగ్గాని బజ్జీ లాగే ఇదీ ఒక మనిషికి మధ్యాహ్నం దాకా సరిపోయే తిండి. అల్లం పచ్చడి మాత్రం తియ్యగా మొదలై చివర్లో గొంతు పట్టుకుంది. నీళ్ళ కోసం వెతుకుతుంటే ఎదుటి కుర్చీలో పెద్దాయన తన గ్లాసు నా వైపు జరిపారు.

"కొత్తాండీ మీరు?"

"అవునండీ. అనంతపురం వైపు."

"ఆహా. మాకు నీళ్ళెక్కువ, మీకు తక్కువ. సగం సగం చేసుకుంటే ఇద్దరం బాగుపడేవోళ్ళం." ఆయన నవ్వలేదు. ఫోనులో తుపాను బొమ్మ చూస్తున్నారు. "శుక్రవారం తీరం దాటుద్దంటండి. నాకు ఆరెకరాలు కోతకొచ్చి ఉంది. కోత మిషను కోసం నిన్నటి నుంచీ తిరుగుతున్నా. ఎక్కడిదక్కడ బిజీ."

"గాలి ఎంత ఉంటుందంటున్నారు?"

"విసురు నూరు దాకా ఉంటదంట. గాలి కాదండీ మా బాధ, వాన. చేలో నీళ్ళు నిలబడితే పోయినట్టే."

గంటకు నూరు కిలోమీటర్లు. నేను కంకిపాడు షెడ్డుకు నూట నలభైకి లెక్క వేశాను. నెమ్మదిగా కాఫీ తాగాను.

బందరు రోడ్డు

బస్సు బందరు రోడ్డు మీద పోతుంటే ఎడం పక్కన ధాన్యం, కుడి పక్కన ధాన్యం. రోడ్డు అంచున ఆరబోసినదాన్ని ఆడవాళ్ళు పరుగున కుప్ప చేసి పట్టాలు కప్పుతున్నారు. పట్టా మీద రాళ్ళకు బదులు పాత టైర్లు పెడుతున్నారు. మా వైపు రాయి కోసం వంగితే చాలు. ఇక్కడ గులకరాయి కూడా కొనుక్కోవాలని తర్వాత తెలిసింది.

కాలువలో నీళ్ళు రోడ్డుకు మూరెడు కిందే ఉన్నాయి. మా ఊళ్ళో బోరు నాలుగు వందల అడుగులకు దింపినా తడి తగలదు. కిటికీ పక్కన కూర్చుని ఆ నీళ్ళను చాలాసేపు ముచ్చటగా చూశాను. చూసి ఊరుకున్నాను.

గుర్రాల చోటు

ఓబులేసు వారం ముందే పని ముగించి నా కోసం ఆగి ఉన్నాడు. షెడ్డు దూరం నుంచి చక్కగా కనిపించింది. వంద కాగితాల్లో గీసినదాన్ని ఒక్కసారి నిలువుగా చూడడం నాకు అలవాటు లేదు, అక్కడే నిలబడి కాసేపు చూశాను. దగ్గరికి వెళ్ళాక మరో కారణానికి ఆగాను.

పడమటి వైపు స్తంభాలన్నిటికీ అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు, నీలం రేకుల గోడ ఉంది. నా కాగితంలో ఆ గోడ లేదు. నాలుగు పక్కలా తెరిచిన షెడ్డు అది.

"ఇదేందిరా?"

"ఎట్లుండాది? రేకులు నలభై మిగిలె. మళ్ళీ తాడిపత్రికి మోసుకుపోతే బాడుగ దండగ. మేడం గారికి ఊరికే కొట్టిస్తి."

"నన్నడిగినావా?"

"ఊరికే ఇచ్చేదానికి లెక్కేందక్కా!"

పక్కనే ఉన్న మస్తాన్ గారు కల్పించుకున్నారు. గుర్రాలను చూసుకునేది ఆయనే. వాళ్ళ నాన్న గుడివాడలో జట్కా తోలారట, ఈయన పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు నడిపారు. "నేనే అడిగానండీ మేడమ్. సాయంత్రం ఎండ పడమట నుంచి స్తంభాల మధ్యగా చారలు చారలుగా పడుద్ది. గుర్రానికి ఆ చార గుంటలా కనపడి ఎగిరి దూకుద్ది. పైన కూర్చున్నోళ్ళ సంగతి చెప్పేదేముంది."

ఆయన చెప్పింది నిజమే. గుర్రాలకు ఏం కావాలో ఆయనకు తెలుసు, మిగిలిన రేకు వృథా కాకూడదని ఓబులేసుకు తెలుసు. ఇద్దరూ మంచి ఉద్దేశంతో చేసిన పని.

ఇలాంటి షెడ్డుకు బరువుకు కూలుతుందనే భయం తక్కువ. గాలి పైకి లేపుతుందనే భయం ఎక్కువ. నాలుగు పక్కలా తెరిచి ఉంటే గాలి ఇటు వచ్చి అటు పోతుంది. ఒక పక్క మూస్తే అది సంచిలో దూరినట్టు దూరి, పోయే దారి లేక కప్పును ఎత్తుతుంది. అప్పుడు కప్పును పట్టి ఉంచేది స్తంభాల కింద పాతిన కాంక్రీటు దిమ్మలు, వాటి మీద మట్టి. అంతే.

ఎస్తేరు గారు కాఫీతో వచ్చారు. సన్నటి మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. "ప్రమీల గారూ, రండి రండి. మీ తమ్ముడు మీ గురించి చెప్పని పూట లేదు. గుర్రాల్ని చూశారా?"

ఏడు గుర్రాలు. అవి ఇప్పటిదాకా ఉంటున్న పాత పాక కాలువ కట్ట పక్కన పల్లంలో ఉంది. షెడ్డు లోపల నేల మీద ఆరంగుళాల ఇసుక. డెక్క జారకుండా మెత్తగా ఉండాలని మస్తాన్ గారు ముందు అందులో వరి ఊక కలిపారట. రాణి అనే తెల్ల ఆడగుర్రం పది నిమిషాలు ఆగకుండా తుమ్మిందట. మళ్ళీ ఊకంతా జల్లెడ పట్టించారు. ఆ కథ చెప్పి అందరూ నవ్వుతుంటే నేను పడమటి గోడ వైపు చూస్తూ నవ్వాను.

ఆ సాయంత్రం కాగితం తీశాను.

"అక్కా, నువ్వు కాయితం తీస్తే నాకు బయమైతాది," అన్నాడు ఓబులేసు.

ఒక్కో స్తంభానికి ఏడు వందల చదరపు అడుగుల కప్పు. గంటకు నూరు కిలోమీటర్ల గాలి, ఒక పక్క మూసి ఉంటే, ఆ కప్పును నాలుగు టన్నుల బలంతో పైకి లాగుతుంది. పట్టి ఉంచేవి: కప్పు సొంత బరువు ఒకటీ పాయింటు మూడు, దిమ్మ ఒకటీ పాయింటు ఆరు, దిమ్మ మీది మట్టి రెండు పాయింటు నాలుగు. మొత్తం అయిదూ పాయింటు మూడు టన్నులు. నాలుగు కన్నా ఎక్కువే. ఇరుకుగా ఉంది, కానీ ఉంది. గోడ తీయించాలా వద్దా అని ఆలోచించి, రేపు చూద్దాంలే అనుకున్నాను.

ఉయ్యూరు

గురువారం పొద్దున పట్టాలు కట్టడానికి తాళ్ళు కావాలంటే ఎస్తేరు గారి తాపీమేస్త్రి యేసుపాదం గారితో ఉయ్యూరు వెళ్ళాను. మా దిమ్మలకు గుంటలు తవ్వి కాంక్రీటు పోయించింది ఆయనే. ఊరి బయట నుంచే చక్కెర మిల్లు వాసన వచ్చింది, బెల్లం అడుగంటినట్టు. చెరుకు ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాన పడేలోపే కాటా అయిపోవాలని డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు, ముందువాడు కదలడానికి మాత్రం చోటు లేదు.

చెరుకు రసం బండి దగ్గర ఆగాం. గ్లాసు ఇరవై. మా ఊళ్ళో అందులో నిమ్మకాయ పిండుతారు. ఇక్కడ అల్లం ముక్క కూడా నలిపారు. సన్నగా తుంపర మొదలైంది.

"మీ గుంటలు తవ్వేటప్పుడు రాయి తగల్లేదు కదా?" అన్నాను, ఏదో మాట్లాడాలని.

ఆయన నన్ను జాలిగా చూశారు. "రాయా? మీరు ఈ జిల్లాలో ఎంత లోతు తవ్వినా రాయి తగలదండీ. నీళ్ళు తగుల్తాయి. మూడడుగులకే ఊట. మోటారు పెట్టి తోడుతా పోశాం కాంక్రీటు. వానాకాలమైతే అసలు తోడక్కర్లేదు, తోడినా ఒకటే."

"ఎందుకు?"

"నీళ్ళు పైదాకా ఉంటాయి కదండీ. మొన్నామధ్య ఒకాయన ఇంటికి సెప్టిక్ ట్యాంకు కట్టా. ఎనిమిదడుగుల లోతు, నాలుగు పక్కలా కాంక్రీటు. ఇంకా వాడకంలోకి రాలేదు, ఖాళీ. వానలు పడ్డాయి. పొద్దున ఫోను: 'మేస్త్రీ, నీ ట్యాంకు లేచి కూర్చుంది, వచ్చి చూసుకో.' వెళ్తే నిజంగానే అడుగున్నర పైకి వచ్చేసి ఉంది, పడవ లాగా! ఆ ఊళ్ళో నన్నిప్పటికీ పడవ మేస్త్రీ అంటారండీ."

బండాయన కూడా నవ్వాడు. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

నీటిలో మునిగిన వస్తువు తాను తోసేసిన నీటి బరువంత తేలికవుతుంది. బావిలో బిందె లాగిన ఏ ఆడమనిషికైనా తెలుసు, నీళ్ళలో ఉన్నంతసేపు బిందెకు బరువుండదు. నాకూ తెలుసు. కానీ నా ఇరవై ఆరేళ్ళ లెక్కల్లో ఒక్క పునాది కూడా నీళ్ళలో మునగలేదు. మా నేలలో దిమ్మ దిమ్మే, మట్టి మట్టే. ఘనపు అడుగు కాంక్రీటు అరవై ఎనిమిది కిలోలు. నీళ్ళలో నలభై. మట్టి యాభై. నీళ్ళలో ఇరవై రెండు.

గ్లాసు బండి మీద పెట్టి చేతిసంచీలోంచి కాగితం తీశాను. తుంపరకు సిరా పాకింది. దిమ్మ ఒకటీ పాయింటు ఆరు కాదు, సున్నా పాయింటు తొమ్మిది ఆరు. మట్టి రెండు పాయింటు నాలుగు కాదు, ఒకటీ చిల్లర. కప్పుతో కలిపి మూడు పాయింటు మూడు.

గాలి లాగేది నాలుగు. గోడ లేకపోతే మూడుకు లోపే.

"ఏమైందండీ? రసం పడలేదా?" అన్నారు యేసుపాదం గారు.

"త్వరగా వెళ్దామండీ," అన్నాను.

గోడ

మేము తిరిగి వెళ్ళేసరికి మస్తాన్ గారు పాకలోంచి గడ్డి మోపులు షెడ్డులోకి మోయిస్తున్నారు. కాలువ పెరుగుతోంది, పల్లంలోకి నీళ్ళు వస్తాయి, ఏడు గుర్రాలనూ కొత్త షెడ్డులోకి మార్చాలని డాక్టరమ్మ చెప్పారట.

నేను నేరుగా ఆవిడ దగ్గరికి నడిచాను. దారిలో నల్లమట్టి నా కుడికాలి చెప్పును లోపలికి లాగేసుకుంది. వెతికే ఓపిక లేక ఒంటి చెప్పుతోనే వెళ్ళాను.

ఎస్తేరు గారు నా మొహం చూసి చేతిలో ఉన్న బకెట్టు కింద పెట్టారు. "అమ్మా, నాకు లెక్కలు రావు. ఒక్కటే అడుగుతాను. నా గుర్రాల్ని దీని కింద పెట్టొచ్చా? అవునా, కాదా?"

"ఆ గోడ ఉంటే కాదండీ. గోడ తీసేస్తే అవును."

ఓబులేసు ఎగిరిపడ్డాడు. "రాత్రి సాలుతాదంటివి కదక్కా!"

"ఇప్పుడు చాలదంటున్నా."

"గోడ తీస్తే వానజల్లంతా గుర్రాల మీద కొడుద్దండీ," అన్నారు మస్తాన్ గారు. "తడిసి, బెదిరి, తాళ్ళు తెంపుకుంటే ఎవరు పట్టుకుంటారు?"

"తడిస్తే తుడవొచ్చు మస్తాన్," అన్నారు డాక్టరమ్మ. ఆవిడ ఓబులేసు వైపు తిరిగారు. "ఈ గోడ మీ అక్కగారి లెక్కలో లేదా?"

వాడు తల దించుకున్నాడు. "లేదు మేడం. నేనే కొట్టిస్తి. తప్పు నాదే."

అక్కడ నేను మాట్లాడాలి. గోడ ఒక్కటే అయితే షెడ్డు ఇరుకుగానైనా నిలిచేది. అసలు తప్పు మట్టి కింద ఉంది, అది నాది. ఆ మాట నాలుక మీదకి వచ్చింది. గుర్రాలు చూస్తున్నాయి, మేస్త్రి చూస్తున్నాడు, ఆరుగురు పనివాళ్ళు చూస్తున్నారు. "ముందు గోడ తియ్యండి" అని మాత్రం అన్నాను.

నలభై రేకులు, రేకుకు పద్దెనిమిది స్క్రూలు. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలుపెట్టారు. రెండింటికి గాలి లేచింది. పన్నెండడుగుల రేకు ఒకటి ఊడిన వెంటనే పనివాడి చేతిలోంచి జారి, గిర్రున తిరిగి, ఇసుకలో నిలువునా గుచ్చుకుంది. అక్కడికి రెండడుగుల దూరంలో యేసుపాదం గారు నిచ్చెన పట్టుకుని ఉన్నారు. ఆయన ఆ రేకును చూసి, పైకి చూసి, "ఒరేయ్, నాకింకా ఇద్దరు కూతుళ్ళున్నారు, చూసి వదలండి" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ప్రతి రేకుకూ ముందు తాడు కట్టి, తర్వాతే స్క్రూ విప్పారు. పని సగానికి సగం నెమ్మదించింది.

పదిహేనో రేకు దగ్గర ఓబులేసు బొటనవేలు చీరుకుంది. నేను గుడ్డ కట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అయిదున్నరకు నలభయ్యో రేకు దిగింది. అన్నిటినీ పేర్చి, పైన తడిసిన ఇసుక బస్తాలు వేశారు. పొద్దు వాలేలోపు గుర్రాలు షెడ్డులోకి వచ్చాయి.

ఎస్తేరు గారింట్లో అన్నం పెట్టారు. చేపల పులుసు, గోంగూర, గడ్డ పెరుగు. మా ఇంట్లో సంగటి ముద్ద తిన్నట్టు నేను ఇక్కడి అన్నం తినలేనని కాదు, ఆ పూట ఏదీ దిగలేదు. తినేముందు ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. అందులో ఓబులేసు పేరు వచ్చింది, వాడి వేలు మానాలని. తర్వాత నా పేరు వచ్చింది, మాకు ముందుగా తెలియజేసినందుకు అని. నేను కళ్ళు తెరిచే ఉన్నాను.

శుక్రవారం

పొద్దున ఏడింటికల్లా చేలు చెరువులయ్యాయి. నేను మేకుతో ప్రతి స్తంభం అడుగునా, చుట్టూ దిమ్మకు అతకకుండా పోసిన గచ్చును ఇనుము తాకే చోట, రెండిటి మీదా కలిసేలా ఒక నిలువు గీత గీశాను. దానికి అడ్డంగా స్తంభం మీద ఒకటి, గచ్చు అంచు మీద ఒకటి. స్తంభం వెంట్రుకవాసి లేచినా ఆ గీతలు విడిపోతాయి.

తొమ్మిదికి గాలి తూర్పు నుంచి తిన్నగా వచ్చింది. రేకుల కప్పు మీద వాన పడే చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. మస్తాన్ గారు గుర్రాలను పడమటి వైపు వరసగా కట్టి, ఒక్కోదాని మెడ నిమురుతూ ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నారు. పెళ్ళి ఊరేగింపుల్లో బాణాసంచాకు గుర్రం బెదరకుండా ఆయన ఒక పని చేసేవారట, చెవుల్లో దూది పెట్టడం. ఇప్పుడూ పెట్టారు. రాణికి దూది నచ్చక తల విదిలించి రెండుసార్లు ఆయన ముఖాన కొట్టింది. "కొట్టమ్మా, కొట్టు, ఇవాళ నీదే రోజు," అని ఆయన మళ్ళీ పెట్టారు.

పదకొండున్నరకు గాలి గొంతు మారింది. అప్పటిదాకా ఈల వేసినట్టున్నది, బరువైన లారీ దగ్గరికి వస్తున్నట్టయింది. నేను ఈశాన్య మూల స్తంభం దగ్గర కూర్చుని గీతను చూస్తున్నాను. వాననీళ్ళు గచ్చు మీద చీలమండ దాకా నిలిచాయి. నీళ్ళలో గీత కనపడక చేత్తో తడిమాను.

గీతల మధ్య సందు ఉంది. నా గోరు అంచు అందులో దిగింది. బియ్యపు గింజ మందం.

అరుద్దామనుకున్నాను. అరిస్తే ఏం చెయ్యాలి? గుర్రాలను బయటికి తోలితే నడుము లోతు నీళ్ళు. కప్పు రేకులు విప్పడానికి పైకి ఎవరూ ఎక్కలేరు. ఓబులేసు నా వెనకే ఉన్నాడు. నా చెయ్యి ఎక్కడుందో చూసి, వంగి తానూ వేలు పెట్టాడు. నిన్నటి నుంచి మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"అక్కా, గోడ లేదు కదా. ఇంకెందుకు లేస్తాండాది?"

నేను ఇంకోసారి గీతను తడిమాను. వాడు పరుగెత్తి ఇసుక బస్తా ఒకటి మోసుకొచ్చి ఆ స్తంభం అడుగు పలక మీద వేశాడు. ఇంకొకటి. యేసుపాదం గారు, పనివాళ్ళు, చివరికి డాక్టరమ్మ కూడా బస్తాలు అందించారు. యాభై కిలోల బస్తా ఇరవై వేస్తే ఒక టన్ను. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఆ మూలకు ఇరవై రెండు, దాని పక్క స్తంభానికి పద్నాలుగు. అంతకు మించి బస్తాలు లేవు.

ఒంటిగంట దాటాక గాలి తగ్గింది. రెండున్నరకు వాన మాత్రమే మిగిలింది. పదహారు స్తంభాలూ తిరిగాను. పద్నాలుగు కదలలేదు. రెండు లేచాయి, మళ్ళీ కూర్చున్నాయి. ఏడు గుర్రాలూ ఉన్నాయి. రాణి గడ్డి తింటోంది.

శనివారం

తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. బస్సులో చూసిన పసుపుపచ్చ చేలన్నీ నీళ్ళలో పడుకుని ఉన్నాయి. పెసరట్టు హోటల్లో పెద్దాయనకు మిషను దొరికిందో లేదో తెలియదు.

ఎస్తేరు గారు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఓబులేసు ఆవిడ ముందు నిలబడి, గోడ రేకులు మళ్ళీ ఎప్పుడూ కొట్టనని, ఊరికే ఇచ్చినా ముందు అడుగుతానని చెబుతున్నాడు. ఆవిడ "పోనీలే నాయనా, ఎవరికీ ఏం కాలేదు కదా" అంటున్నారు.

"డాక్టరు గారూ," అన్నాను. "వాడి గోడ వల్ల కాదండీ. గోడ తీసేశాక కూడా లేచింది. నేను దిమ్మల బరువు పొడినేలలో ఉన్నట్టు లెక్క వేశాను. మీ నేలలో నీళ్ళు పైదాకా ఉంటాయి. నీళ్ళలో దిమ్మ, మట్టి కలిపి బరువు సగమైపోతుంది. అది గురువారం పొద్దున ఉయ్యూరులోనే నాకు తెలిసింది. తెలిసీ మీ ముందు తప్పంతా వాడి మీద పడుతుంటే ఊరుకున్నాను."

ఓబులేసు నోరు తెరిచాడు. "నిన్ననే చెప్పొచ్చు కదక్కా," అన్నాడు, మెల్లగా. అంతకన్నా గట్టిగా తిడితే బాగుండేది.

డాక్టరమ్మ స్తంభాల వైపు చూశారు. "నలభై ఏళ్ళు పశువులకు వైద్యం చేశాను. నా చేతిలో పోయిన దూడలున్నాయి. ప్రతిసారీ రైతుకు వెంటనే చెప్పానా అంటే, లేదు." కుర్చీలోంచి లేచి, "ఇప్పుడు పిల్లల్ని ఎక్కించొచ్చా?"

"కూడదండీ. నిన్నటి కన్నా పెద్ద గాలి వస్తే ఈ షెడ్డు నిలవదు. ప్రతి స్తంభం చుట్టూ తవ్వి కొత్త కాంక్రీటు కట్టాలి. విజయవాడ నుంచి నేల సంగతి తెలిసిన ఇంజనీరు వచ్చి, నా లెక్క మొత్తం మళ్ళీ చూడాలి. నా ఒక్కదాని మాట మీద వద్దు."

ఆవిడ ఫోను మోగింది. పొద్దుటి నుంచి అది మోగుతూనే ఉంది. గుర్రాలు క్షేమమా, రేపు ప్రారంభం ఉందా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఆవిడ ఫోను నా చేతికి ఇచ్చారు. "మీరే చెప్పండి."

అవతల ఒక ఆవిడ. విజయవాడ పటమట నుంచట. "రేపు పదింటికేనా అండీ? మా పాప మూడు రోజుల నుంచీ బూట్లు విప్పడం లేదు."

"రేపు లేదమ్మా. ఇంకో నెల పడుతుంది. షెడ్డు పునాదుల్లో తప్పుంది."

"అయ్యో! ఎవరండీ అంత తప్పు చేసింది?"

"నేనేనమ్మా. లెక్క వేసింది నేను."

"సరేనండీ. బాగు చేశాకే చెప్పండి," అని పెట్టేశారు. తర్వాత ఇంకో ఎనిమిది ఫోన్లు నేనే ఎత్తాను. ఒకాయన కాస్త గట్టిగానే మాట్లాడాడు. విన్నాను.

ఫోన్లు అయ్యేసరికి ఓబులేసు దారం, సున్నం తెచ్చి ఈశాన్య మూల స్తంభం చుట్టూ చదరం గీస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఎంత వెడల్పు తవ్వాలక్కా?"

కాగితం తీసి, కలం మూత తీసి, ఆగాను. యేసుపాదం గారిని పిలిచాను. "మేస్త్రి గారూ, మీరు చూసినప్పటి నుంచీ ఇక్కడ నీళ్ళు ఎక్కువలో ఎక్కువ ఎంత దాకా వచ్చాయి?"

ఆయన బురదలో నడిచి వచ్చి, కొంచెం ఆలోచించి, వంగి స్తంభం మీద అరచెయ్యి ఆనించారు. నేలకు పైన, ఆయన మోకాలి దగ్గర.

"ఇక్కడిదాకా అండీ."

ఆయన చెయ్యి తియ్యకముందే మేకుతో దాని కింద గీత గీశాను. కొలత అక్కడి నుంచి కిందికి మొదలుపెట్టాను.